ఆరు పూతల తలుపూ, నా రుద్దుడు మిషనూ

కొంప ముంచడానికి వరద రానక్కర్లేదు. అరచేయంత గరుకు కాగితం చాలు. దానికి తోడు ఒక కరెంటు మిషనూ, ఒక టేబుల్ ఫ్యానూ, "నాకు తెలుసులే" అనే మనిషీ దొరికితే పని ఒక్క పూటలో అయిపోతుంది. మొదటి మూడూ బజార్లో దొరుకుతాయి. నాలుగోది మా ఇంట్లోనే ఉంది. ఆవిడ పేరు వాణి. అంటే నేనే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎదుటివాళ్ల తప్పులు పట్టి జీతం తీసుకునేవాళ్లకి కొన్నాళ్లకి ఒక జబ్బు చేస్తుంది. తమ పనిలో తప్పులుండవని నమ్మడం మొదలుపెడతారు. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. మా ఆయన రవి సర్కారు ఉద్యోగి. పిడుగు పడినా ముందు చేతిలో ఉన్న కాగితం పూర్తిగా చదివి, తర్వాత తలెత్తే రకం. మా పాప చిన్నికి అప్పుడు ఇరవై నెలలు. నేల మీద ఏది కనిపించినా నోట్లో పెట్టుకుని రుచి చూసి, నచ్చకపోతే నా నోట్లో పెట్టేది.

కాకినాడ నుంచి వచ్చి ఏడేళ్లు కిరాయి ఇళ్లలో ఉన్నాక బోరబండలో, స్టేషనుకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. ఇల్లు పాతదే గానీ తలుపు చూస్తే కోట గుమ్మంలా ఉండేది. ఒక మనిషి తొయ్యలేనంత బరువు. "అసలైన టేకమ్మా" అన్నాడు అమ్మినాయన. టేకు మాత్రం ఎవరికీ కనిపించేది కాదు. ఆ ఇంట్లో జరిగిన ప్రతి పెళ్లికీ ఒక పూత చొప్పున వేసుకుంటూ పోయినట్టున్నారు. పైన చాక్లెట్ రంగు. పెచ్చు లేచిన చోట దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం.

ఆ పెచ్చు చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. పాత తలుపుల్ని రుద్ది, లోపలి కట్టెను బయటికి తీసి తళతళలాడించే వీడియోలు ఓ యాభై చూసుంటాను. వాటిలో ప్రతి తలుపూ రెండు నిమిషాల్లో మెరిసిపోయేది. నాకెందుకు మెరవదు? అంతటితో ఆగానా? పని మొదలుపెట్టకముందే ఆఫీసులో మా జట్టు పన్నెండుగురినీ రెండు వారాల తర్వాత వచ్చే ఆదివారం భోజనానికి పిలిచేశాను. "వంట సంగతి ఎలా ఉన్నా మా టేకు తలుపు చూడాలి మీరు" అని కూడా అనేశాను. ఆలు లేదు చూలు లేదు, అతిథులు పన్నెండుగురు.

మొదటి ఆదివారం ముందు గదిలోని కిటికీ మీద పడ్డాను. గరుకు కాగితంతో పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా రుద్దితే నా భుజం ఊడింది గానీ రంగు ఊడలేదు. సగం రెక్క మాత్రం గజ్జి పట్టిన కుక్కపిల్లలా తయారైంది.

మర్నాడు గోడలకి రంగు వెయ్యడానికి యాదగిరి వచ్చాడు. బోరబండలోనే పుట్టి పెరిగిన పెద్దమనిషి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. గోడ సంగతి వదిలేసి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మేడం, గీ కిటికీ ఎవరు గీకిర్రు?"

"నేనేనండి" అన్నాను, శాలువా కప్పించుకోవడానికి మెడ వంచినట్టు వంచి.

"ఉత్తగనే గీకిర్రా? నీళ్లు కొట్టలే?"

"నీళ్లు కొడితే కట్టె పాడైపోదూ?"

"కట్టెకేం గాదు. మనుషులు పాడైతరు. ఇవి ఎన్కటి రంగులు మేడం, పొడి లేవొద్దు. తలుపు నేను చేస్త. కింద ప్లాస్టిక్ పరిచి, నీళ్లు జల్లుకుంట నిమ్మళంగ గీకాలె. మూడు నాలుగు దినాలు పడ్తది."

"మూడు నాలుగు రోజులా? ఆదివారం మా ఆఫీసువాళ్లు వస్తున్నారండి."

"గీ వారం గోడలకే సరిపోతది. శనివారం మా మేనకోడలి పెండ్లి. సోమవారం తలుపు సురువు చేస్త. అప్పటిదాంక ముట్టకుండ్రి. పాపను గుడ జర దూరం ఉంచుండ్రి."

నేను బుద్ధిగా తలూపాను. పాఠకులారా, ఆడిటరు ముందు మేనేజరు తలూపడం మీరెప్పుడైనా చూశారా? సరిగ్గా ఆ ఊపే. లోపల మాత్రం ఒకటే మాట: ఈయనకి మిషన్ల సంగతి తెలియదు పాపం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు పెద్దలు. గోరూ గొడ్డలీ రెండూ ఎందుకు, కరెంటుండగా? ఆ మధ్యాహ్నమే రుద్దుడు మిషనుకి ఆర్డరు పెట్టాను.

శనివారం పొద్దున టిఫిన్లు అయ్యాక మిషను పెట్టె విప్పాను. రవి పేపరు మీద నుంచి చూశాడు.

"యాదగిరి ముట్టుకోవద్దన్నాడుగా?"

"ఆయనకి మిషను సంగతి తెలీదండీ."

"నీకు రంగు సంగతి తెలుసా?"

"రంగుకేం సంగతులుంటాయండీ? రుద్దితే పోతుంది."

ఆయన పేపరు మడిచి, సంచీ తీసుకుని కూరగాయలకి వెళ్లిపోయాడు. వాదించే ఓపిక లేనప్పుడల్లా మా ఇంట్లో కూరగాయలు పుష్కలంగా ఉండేవి.

నేను చున్నీ ముక్కుకి చుట్టుకున్నాను. చిన్నిని లోపలి గదిలో బొమ్మల మధ్య కూర్చోబెట్టాను. గది తలుపు మూద్దామంటే మిషను తీగ ఆ గదిలో నుంచే రావాలి, అందుకని తెరిచే ఉంచాను. వరండాలో నిలబడి మీట నొక్కాను. అబ్బ, ఏం మోతండీ! లోకల్ రైలు మా వరండాలోకే వచ్చి ఆగినట్టనిపించింది.

పని మాత్రం చకచకా సాగింది. చాక్లెట్ రంగు పోయింది. ఆకుపచ్చ పోయింది. నీలం పోయింది. తర్వాత ఒక తెలుపు, దాని కింద ఒక ఎరుపు. ఆ ఎరుపు కూడా పోయాక అడుగున పసుపు వచ్చింది. మామూలు పసుపు కాదు, పేరంటానికి పిలిచే పసుపు. తలుపు నిండా మందంగా పట్టి ఉంది. ఆ పసుపు మీద మిషను పెట్టగానే పొగమంచులా దుమ్ము లేచి నా మొహం మీదికి వచ్చింది. కళ్లు మంట, గొంతులో గరగర.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. అది ఆరిపోయి ఉంటే ఈ కథే లేదు. లోపలికెళ్లి టేబుల్ ఫ్యాను తెచ్చి, వరండాలో నా వెనక పెట్టి, పెద్ద గాలి మీద తిప్పాను. చిత్రం! దుమ్మంతా నా మొహం మీద నుంచి మాయమైంది. తప్పులు పట్టడం వృత్తిగా గల మనిషిని కదా, ఆ దుమ్ము ఎటు పోయిందని ఒక్కసారైనా అడగాలి కదా? అడగలేదు. నేను వరండాలో ఉన్నాను. ఫ్యాను నా వెనక ఉంది. నా ముందు ఉన్నది మా ఇల్లు.

ఓ గంట గడిచాక పక్కింటి అనసూయమ్మ గోడ మీద నుంచి పిలిచింది. మిషను ఆపాను.

"ఏమ్మా వాణీ, పాపకు నలుగు పెట్టిర్రా? ఏం కార్యం ఇయ్యాల?"

"నలుగేంటి పిన్నిగారూ?"

"మరి గట్ల పసుపు రాసి కూసోబెట్టినవ్?"

వెనక్కి తిరిగి చూశాను. చిన్ని గడప లోపల కూర్చుని ఉంది. జుట్టు పసుపు, కనురెప్పలు పసుపు, గౌను పసుపు. నన్ను చూసి నవ్వింది. కుడిచేతి నాలుగు వేళ్లూ నోట్లో ఉన్నాయి. ఆ నాలుగు వేళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడైనా ఆగానా? లేదు. చిన్ని మొహం చున్నీ కొసతో తుడిచి, చీపురు అందుకుని ఇల్లంతా టకటకా ఊడ్చేశాను. ఊడ్చిన కొద్దీ దుమ్ము లేచేది, లేచింది మళ్లీ కూర్చునేది. మంచం మీద దుప్పటి గుమ్మంలోకి తెచ్చి నాలుగుసార్లు దులిపాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కాబట్టి దులిపిందంతా మర్యాదగా తిరిగి లోపలికే వెళ్లింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే రచ్చ చేసుకున్నాను.

అంతలో రవి పెరటి దారిన వచ్చి, వంటింట్లో సంచీ పెట్టి, అక్కడి నుంచే అడిగాడు.

"ఇవాళ పులిహోర చేశావా?"

"లేదండీ, తెల్లన్నమే. ఆరబోశాను."

"అయితే ఒకసారి వచ్చి చూడు."

వెళ్లి చూశాను. పళ్లెంలో ఆరబోసిన అన్నం నిండా పసుపు. పక్కనే పెరుగు గిన్నె మీద కూడా పసుపు మీగడ కట్టింది. రవి పెరుగు గిన్నె మీద నెమ్మదిగా మూత పెట్టాడు. ఆయన అంత నెమ్మదిగా ఉంటేనే నాకు భయం.

సరిగ్గా అప్పుడే యాదగిరి గేటు తీసుకుని వచ్చాడు. పెళ్లి పందిరికి లైట్లు కట్టడానికి మా ఇంట్లో వదిలిన నిచ్చెన కావాలట. తెల్ల పంచె, మెరిసే పట్టు చొక్కా, తల నున్నగా దువ్వి ఉంది. గేటు దగ్గరే ఆగిపోయాడు. తలుపు చూశాడు, ఫ్యాను చూశాడు, నా చేతిలో చీపురు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మేడం, ఫ్యాన్ బంద్ చెయ్యిండ్రి. చీపురు కింద పెట్టుండ్రి. పాపను ఎత్తుకొని అందరు బయటికి రండ్రి" అన్నాడు, చాలా మెల్లగా.

అందరం గోడ పక్కకి వచ్చి నిలబడ్డాం.

"ఏమవుతుందండీ? వట్టి దుమ్మే కదా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

"మా ఉస్తాద్ ఉండె మేడం. నాకు పని నేర్పినోడు. గసొంటి పనోడు లేడు పట్నంల. జిందగీ అంత గిట్లనే పొడి గీకిండు. ఆఖరికి చేతులు వణుకుడు వట్టి బ్రష్ పట్టరాకుండ అయింది. దవాఖానకు తీస్కపోతె రక్తంల సీసం ఉన్నదన్నరు. ఎన్కట పసుపు రంగుల, ఎర్ర రంగుల సీసం కలిపేటోళ్లట. పొడిల వస్తది, లోపలికి వోతది. పెద్దోళ్లకే అట్లయితది. చిన్న పిల్లలకు ఇంక మంచిది గాదని చెప్పిండు డాక్టరు సాబు."

అంతవరకు నేను చేసినవన్నీ నాకు తమాషాగానే ఉన్నాయి. ఆ మాటతో పాపని గట్టిగా పొదువుకున్నాను. చిన్ని నా చంకలో కూర్చుని నా చెవి లాగుతోంది. ఆ శుభ్రంగా ఉన్న నాలుగు వేళ్లతోనే.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని అడిగాను. మా ఇంట్లో ఆ ప్రశ్న నా నోటి నుంచి రావడం అదే మొదటిసారని రవి తర్వాత చెప్పాడు.

"పరేషాన్ గాకుండ్రి. మొదలు మీరు, పాప తానం చెయ్యిండ్రి. ఈ బట్టలు అలగ్ పెట్టుండ్రి. ఇగ లోపలికి రాకుండ్రి."

అనసూయమ్మ మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లింది. చిన్ని తల మీద చెంబుతో నీళ్లు పోస్తుంటే నీళ్లు పచ్చగా పోయాయి. మూడోసారి పోశాక గానీ తెల్లబడలేదు. అనసూయమ్మ ఇంకా పోస్తూనే ఉంది. నేను ఆవిడ ముందు ఏడవకూడదనుకుని, సబ్బు కళ్లలో పడిందని చెప్పాను.

ఇక్కడ మా ఇంట్లో యాదగిరి పట్టు చొక్కా విప్పి జామచెట్టుకి తగిలించి, మా పెరట్లో వదిలిన పాత పని బట్టలు వేసుకున్నాడు. రవీ ఆయనా మూతులకి మాస్కులు కట్టుకుని, సబ్బునీళ్ల బకెట్టు పెట్టుకుని, తడిగుడ్డలతో ఇల్లంతా తుడిచారు. చీపురు ముట్టలేదు. పైన అరల నుంచి కింది నేల దాకా తుడిచిన చోటే మళ్లీ తుడిచి, ప్రతిసారీ నీళ్లు మార్చారు. అన్నం, పెరుగు, తుడిచిన గుడ్డలు సంచుల్లో వేసి మూతి బిగించి కట్టారు. తలుపు మీద నీళ్లు చల్లి ప్లాస్టిక్ కప్పేశారు. మా ఆయన అంత శ్రద్ధగా ఇల్లు తుడవడం ఆ రోజు తప్ప మళ్లీ చూడలేదు.

సాయంత్రమవుతుంటే సిగ్గుతో అడిగాను. "మా వల్ల మీ పెళ్లి పాడైపోయింది కదండీ."

"నా పెండ్లి ఎన్నడో అయింది మేడం. మేనకోడలిది రాత్రి ముహూర్తం. తలంబ్రాలకు అందుత, ఫికర్ చెయ్యకుండ్రి."

అందుకున్నాడు కూడా. కాకపోతే చెవి వెనక కడుక్కోవడం మరిచిపోయాడట. పసుపు చూసి మగపెళ్లివారు "నిజం పెండ్లికొడుకు ఎవలు?" అని ఆటపట్టించారని సోమవారం ఫోనులో ఆయనే చెప్పి నవ్వాడు.

ఆదివారం భోజనం లేదని పన్నెండుగురికీ కబురు పెట్టి, బట్టలు సర్దుకుని తెల్లాపూర్‌లో మా ఆడపడుచు వాళ్ల ఫ్లాటుకి వెళ్లిపోయాం. సోమవారం పొద్దున్నే చిన్నిని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

"పాప ఆ పొడి నోట్లో పెట్టుకుందా?"

"పెట్టుకోనిది ఏమిటో చెప్పడం తేలికండి" అన్నాను.

"తలుపు పొడిగా గీకింది ఎవరు?"

రవి గోడ మీదున్న టీకాల పట్టిక చదవడం మొదలుపెట్టాడు.

"నేనేనండి."

"అయితే మీరూ రక్తం ఇవ్వండి. చున్నీ అలాంటి దుమ్మును ఆపదమ్మా."

రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేను నవ్విన జ్ఞాపకం లేదు. చిన్ని అన్నం వద్దంటే భయం. పెందలాడే పడుకుంటే భయం. బంతి వదిలేస్తే చేతులు చూసేదాన్ని. అది "అమ్మా" అన్న ప్రతిసారీ ఎందుకు వినలేదు ఆ పెద్దమనిషి మాట అని నన్ను నేను అడుక్కునేదాన్ని. రవి ఒక్కసారైనా "చెప్పానుగా" అనలేదు. అంటే నాకు దెబ్బలాడే అవకాశమైనా దొరికేది.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"పాపకి కొంచెం ఉంది. మందులు అక్కర్లేదు గానీ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ దుమ్ములోకి మళ్లీ వెళ్లనివ్వకండి. తినే ముందు చేతులు కడగండి, ఇల్లు తడిగుడ్డతో తుడవండి, ఆకుకూరలు, పప్పు, రాగి జావ, పాలు బాగా పెట్టండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం." తర్వాత రెండో కాగితం నా వైపు తిప్పింది. "మీది పాపకంటే చాలా ఎక్కువుంది."

అమ్మయ్య అనుకున్నాను. నిజమండీ. చిన్నప్పటి నుంచి ఏ పరీక్షలోనూ మొదటి స్థానం రాలేదు. వచ్చిన ఒక్కసారీ రక్తపరీక్షలో వచ్చింది. అయినా అంత తృప్తి ఏ మార్కులూ ఇవ్వలేదు.

మేం తెల్లాపూర్‌లో ఉండగానే యాదగిరి తలుపూ కిటికీలూ తన పద్ధతిలో గీకేశాడు. నీళ్లు చల్లడం, గీకడం, తడి పెచ్చుల్ని సంచిలో కట్టడం. పని అయిపోయాక ఫోను చేశాడు.

"అయిపోయింది మేడం. సాఫ్ సీదా చేసిన. ఒక్కటే మాట చెప్పాలె."

"చెప్పండి."

"గిది టేకు గాదు. వేప కట్టె."

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఆ తవ్వినవాళ్లకి కనీసం ఎలుకైనా దొరికింది. చివరికి డబ్బా మీద సీసం కలపలేదని రాసి ఉందో లేదో మూడుసార్లు చదివి కొన్న రంగే ఆ వేప తలుపుకి వేయించాం. యాదగిరి నాలుగోసారి కూడా చదివించాడు.

మూడు నెలలు రాగి జావ తాగాం. చిన్నికి చేసిన జావలో సగం నేనే తాగాను, డాక్టరమ్మ నాకూ తాగమంది కాబట్టి. రెండో పరీక్షలో పాప రక్తంలో సీసం బాగా తగ్గింది. ఇంక బెంగ లేదంది డాక్టరమ్మ. నాది మాత్రం ఇంకా కాస్త ఎక్కువే ఉంది, మరో నెలకి మళ్లీ రమ్మంది. ఆ రోజుకి సెలవు కావాలి కదా, ఆఫీసు నుంచే మా మేనేజరుకి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాను. తలుపు గీకినప్పటి నుంచీ ఆఫీసులో అందరికీ తెలిసిన నా రక్తం సంగతి కొత్తగా చెప్పేదేముందని రక్తం అన్న మాట వదిలేశాను. "నా లెడ్ లెవెల్ ఎక్కువగా ఉంది. వచ్చే నెల దాని గురించి ఒక రోజు సెలవు కావాలి." అంతే.

ఇంగ్లీషులో సీసాన్ని లెడ్ అంటారు, జట్టు పెద్దని లీడ్ అంటారు. పలకడం వేరు గానీ అక్షరాలు మాత్రం అవే. ఆ సంగతి మెయిల్ పంపేటప్పుడు నాకు తట్టలేదు.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "వాణీ, మీ స్థాయి లీడ్ స్థాయికి మించిపోయిందని మీరనుకోవడం సంతోషం. ఆ మాట మేం అనాలి. ప్రమోషన్ల ముచ్చట సెలవు పెట్టి బెదిరిస్తే తేలదు. ఓపిక పట్టండి."

పరుగెత్తుకుంటూ ఆయన గదికి వెళ్లాను.

"సార్, అది లీడ్ కాదు, లెడ్. సీసం. నా రక్తంలో ఉంది సార్."

ఆయన నా మెయిల్ మళ్లీ తెరిచి చదివారు. "తలుపు గీకితే వచ్చిందన్నారు, అదేనా?"

"అదే సార్."

"అయితే తగ్గించుకోండి."

"ఆ పని మీదే సెలవడుగుతున్నాను సార్."

సెలవు ఇచ్చారు. ప్రమోషను ఇవ్వలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. పాత రంగు మీద నీళ్లు చల్లకుండా చెయ్యి వెయ్యను. పసిపిల్ల ఉన్న ఇంట్లో పొడి లేపను. ముప్పై ఏళ్లు బ్రష్ పట్టిన మనిషి "ముట్టకుండ్రి" అంటే ముట్టను. ఇక సెలవు చీటీ ఎప్పుడు రాసినా తెలుగులోనే రాస్తాను. రక్తంలో సీసం ఎక్కువైందంటే, మహా అయితే సీస పద్యాలు రాస్తున్నాననుకుంటారు.